లంకాద్వీపమునకు వెళ్లిన రాయబారులు

రాయబారమన్న మాట వినబడగానే మనవారికి సుందరకాండమును, ఉద్యోగపర్వమును జ్ఞప్తికి వచ్చును. వానిలో మొదటి దూత సముద్రము దాటి లంకకే పోయినవాడు. పురాణకథలను అట్లుంచి, చరిత్రకు అందిన రాయబారములను గూర్చియే యీ సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచితిని. ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి యీ సభకు విచ్చేసిన బంధువులలో కొందఱు "సముద్రమునకు ఇంత దూరమున నున్న మనకు లంకతో నేమి పని?" యని యడుగవచ్చును. అట్లడుగుట న్యాయమే. ఐనను లంకాద్వీపము పేరు చెక్కబడిన మిక్కిలి ప్రాచీన శాసనములలో నొకటి మన కర్నూలు సీమలోనే యున్నదని చెప్పినచో వారికి కొంత ఆశ్చర్యము కలుగకపోదు.

ఆదవానికి ఆగ్నేయముగా, పత్తికొండ దాటి గుత్తికి పోవు త్రోవలో, ఎఱ్ఱగుడియొద్ద గుట్టబండలమీద అశోక చక్రవర్తి శాసనములు కలవు. ఆయన పెద్ద ధర్మలిపులు 14ను, వానితోబాటు చిన్న శాసనములును అచ్చట చెక్కబడినవి. 1920 దశాబ్దపు తుదిభాగమున ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని గుర్తించువఱకు పసులకాపరులకు దక్క నవి యెవ్వరి కంటను పడలేదు. అచ్చటి చిన్న శాసనములో ఒక వింత కలదు. ఒక పంక్తి ఎడమనుండి కుడికి నడచిన, మఱియొక పంక్తి కుడినుండి ఎడమకు నడచును. మగ్గముమీద నాడె పోయి వచ్చినట్లే యనవచ్చును. మనవారికి దీనిని వివరించి చెప్పనక్కఱలేదు. ఆ పెద్ద శాసనములలో రెండవదానియందు చోళ, పాండ్య, కేరళపుత్రాదుల తరువాత తామ్రపర్ణి యని లంక పేర్కొనబడినది. ఆ దేశములన్నిటను మనుష్యులకును పశువులకును వైద్యము జరుగుటకు ఏర్పాటు చేసితినని రాజు చెప్పినాడు. పదుమూడవదానిలో తన దూతలు పోయిన దేశములను, పోని దేశములను గూడ ప్రస్తావించినాడు. రెండువేల రెండువందల యేండ్లకు పూర్వము లంకకు మందుమూలికలతో పోయిన రాయబారపు వార్త మన బండమీద నిలిచియున్నది. తరువాతి కాలపు రాయబారములు పెక్కింటికంటె ఆ రాయబారమే మేలైనదని నా యభిప్రాయము.

విజయనగరపు కాలమున మన సీమ రాజధానికి సమీపమున నుండెను. 1443లో పారసీకరాజు పంపిన రాయబారి అబ్దుల్ రజాక్ ఆ నగరమునకు వచ్చినప్పుడు రెండవ దేవరాయల యేలుబడి సింహళపు సరిహద్దు మొదలుకొని కలుబరిగెవఱకు వ్యాపించియున్నదని విని వ్రాసికొనెను. అప్పటికి దండనాయకుడు లంకవైపు ఓడలమీద పోయియుండెనట. అది దండయాత్ర గాని దౌత్యము కాదు. కావున దానిని ఇంతటితో విడుతము.

అటు తరువాతి కథ మనకు దగ్గఱిది. కాండీ రాజులు మధుర నాయక సంబంధీకుల యిండ్లనుండి రాణులను తెచ్చికొనుచుండిరి. ఆ నాయకులు తెలుగు మూలమువారు. 1739లో కాండీ రాజగు నరేంద్రసింహుడు వారసుడు లేక చనిపోగా, రాణి తోబుట్టువు శ్రీవిజయరాజసింహుడను పేరుతో గద్దె నెక్కెను. అది మొదలు 1815వఱకు నలుగురు రాజులు ఆ వంశమువారే. వారిలో రెండవవాడగు కీర్తిశ్రీరాజసింహుడు 1747 మొదలు 1782వఱకు రాజ్యము చేసెను. లంకలో బౌద్ధ భిక్షువుల పరంపర క్షీణించియుండగా ఈయన సయాముదేశమునకు రాయబారము పంపెను. 1753లో భిక్షువులు వచ్చి సంఘమును మఱల నిలిపిరి. పరదేశమునుండి వచ్చిన కుటుంబమువాడు ఆ దేశపు మతము నుద్ధరించుటకు మూడవ దేశమునకు దూతలను పంపిన యుదాహరణము లోకచరిత్రలో తఱచుగా కానరాదు.

ఆ రాజుకడకే 1762లో చెన్నపట్టణపు ఇంగ్లీషు కంపెనీ జాన్ పైబస్ అను నుద్యోగిని రాయబారిగా పంపినది. రాజునకు అప్పుడు డచ్చివారితో యుద్ధము. ఆయన కోరినది సైన్యసహాయము. పైబస్ తిరుకోణమలలో దిగి, కొండలెక్కి, అర్ధరాత్రి దర్బారులో మోకాళ్లపై నిలిచి, జాబు సమర్పించెను. కాని కంపెనీ యుద్దేశము వ్యాపారసౌకర్యములు తెలిసికొనుటయే గాని సహాయము చేయుట కాదు. అతడు తిరిగిపోయిన పిమ్మట సైన్యము రాలేదు, సమాధానమును రాలేదు. ఇరువదియేండ్ల తరువాత, 1782లో, హ్యూ బాయిడ్ అను రెండవ రాయబారి పోగా కొత్త రాజు రాజాధిరాజసింహుడు ఆ పాత మాటను మఱవలేదు. కంపెనీతో గాదు, మీ రాజుతోనే మాటాడెదనని చెప్పి పంపివేసెను. బాయిడ్ తిరుగుప్రయాణమున ఫ్రెంచివారి చేత చిక్కెను. 1795లో మూడవవాడు రాబర్ట్ ఆండ్రూస్ వచ్చెను. ఇతడు మఱుసటి యేట రాయబారిత్వము నుండి రెవిన్యూ అధికారములోనికి మాఱి, చెన్నపట్టణపు దుబాసీలను వెంటబెట్టుకొని, సముద్రతీరపు కొబ్బరిచెట్లపై గూడ పన్ను వేయగా 1797లో ప్రజలు తిరుగబడిరి. దూతగా వచ్చినవాడు తహసీలుదారుడైన ఫల మది.

1815లో కాండీ రాజ్యము అంతరించెను. కడపటి రాజు శ్రీవిక్రమరాజసింహుని వేలూరికోటకు కొనిపోయి చెఱనుంచిరి. ఆయన 1832లో అచ్చటనే మరణించెను. వేలూరి పేరును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

రాజులు పోయిన పిమ్మట లంకకు మనదేశమునుండి పోయినవారు కూలివారు. మొదట కాఫీతోటలకు, అవి తెగులు తగిలి చెడిన తరువాత తేయాకుతోటలకు వేలకువేలు పోయిరి. వారిలో తిరుచిరాపల్లి, సేలము, మధుర మొదలైన అఱవ జిల్లాలవారే హెచ్చు. తెలుగువారును కొందఱు కలరు. మన తెలుగు కూలివారు ఎక్కువగా బర్మాకు పోయిరి. 1876–78 మహాక్షామమున బళ్లారి, కర్నూలు జిల్లాలు పడిన పాట్లు పెద్దలు చెప్పగా మనము వినియున్నాము. ఆ యేండ్లలోనే తోటలకు పోవు జనమును మిక్కుటమయ్యెను. కూలివారిని కూర్చుకొనిపోవువానికి కంగాణి యని పేరు. వాడు బయలుదేరునప్పుడే అడ్వాన్సు ఇచ్చును. ఆ బాకీ 'తుండు' అను చీటిలో వ్రాయబడును. ఒక తోటనుండి మఱియొక తోటకు పోవలెనన్న, చీటిలోని బాకీ చెల్లించు దొర కావలెను. అనగా కొనువాడు దొరకినగాని మనిషి కదలరాదు. నూలుకు, కూటికి సావుకారియొద్ద బాకీపడి, ఆ బాకీ తీఱనిదే మఱియొకనికి నేయరాని స్థితి నెఱిగిన మనవారికి ఈ తుండు సంగతి క్రొత్త గాదు. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పుటకు మూలమైన కష్టమును ఇట్టిదే గదా. లంకలో తుండు 1921లో చట్టముచేత నిషేధింపబడినది.

నేటి భారత రాయబార కార్యాలయమునకు పుట్టుక యిచ్చట నున్నది. 1922 వలసచట్టము ననుసరించి, మఱుసటి యేడు, భారత ప్రభుత్వపు ఏజెంటు ఒకరు లంకలో నియమింపబడిరి. ఆయన కచ్చేరి కాండీలోనే. ఆయన పని రాజులతో సంధులు చేయుట కాదు. తోటలు చూచుట, కూలి లెక్కలు విచారించుట, ఏటేట నివేదిక వ్రాయుట. 1927లో కనీసకూలి చట్టము వచ్చెను. దాని ప్రకారము 1929లో కొండతోటలలో దినకూలి పురుషునకు 54 సెంట్లు, స్త్రీకి 43, పిల్లలకు 32 గా నిర్ణయింపబడెను. చిన్నమొత్తములే. కాని ఆఱణా కూలికై యొక ప్రభుత్వము మఱియొక ప్రభుత్వముతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుట అంతకుముందు లేదు.

1939లో లంకాప్రభుత్వము దినకూలిపై నున్న భారతీయులను కొల్వులనుండి తొలగింపసాగెను. కాంగ్రెసు పక్షమున జవహర్లాల్ నెహ్రూగారు జూలైలో వెళ్లి మాటాడిరి గాని ఫలింపలేదు. ఆగస్టు 1 మొదలు భారత ప్రభుత్వము కూలివారి వలసను నిషేధించెను. 1943లో ఎం. ఎస్. అణే గారు ప్రతినిధిగా వెళ్లి 1947వఱకు నుండిరి. ఆయన తరువాత స్వతంత్ర భారతమునకు ప్రథమ హైకమిషనరుగా పోయినవారు మన తెలుగువారు, శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు.

గిరిగారు 1894లో బరంపురమున జన్మించిరి. ఐర్లండులో న్యాయశాస్త్రము చదివిరి. అచ్చటి స్వాతంత్ర్యోద్యమముతో సంబంధము గలదని 1916లో ఆ దేశమును విడువవలసివచ్చెను. తిరిగివచ్చి రైల్వేకూలీల సంఘములలో ప్రవేశించి, బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మెను నడిపి, జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సమావేశమునకు కార్మికప్రతినిధిగా పోయిరి. 1937లో బొబ్బిలి రాజావారిని ఎన్నికలో ఓడించి రాజాజీ మంత్రివర్గమున కార్మికమంత్రియైరి. క్విట్ ఇండియా కాలమున చెఱపడి వేలూరులోను, అమరావతిలోను నుండిరి. లంక నేలిన తెలుగు వంశపు కడపటి రాజు చెఱనుండిన యూరిలోనే, లంకకు రాయబారిగా పోవలసిన తెలుగువాడును చెఱనుండుట విధి చేయు విచిత్రములలో నొకటి.

అట్టివానిని లంకకు పంపుట నెహ్రూగారి మంచి యెన్నికయే. ఇతర దేశములకు రాజకుమారులును, ఐ.సి.ఎస్. వారును పోవుచుండ, ఈ ద్వీపమునకు కార్మికనాయకుడు పోయెను. అచ్చటి సమస్య కూలివారిది గదా. వారి సంఖ్య అప్పటికి ఏడెనిమిది లక్షలు. 1947 ఎన్నికలలో సిలోన్ ఇండియన్ కాంగ్రెసువారు ఏడు స్థానములు గెలిచిరి. ఆ గెలుపే వారి కీడునకు మూలమైనది. 1948 ఫిబ్రవరి 4న లంక స్వతంత్రమయ్యెను. నవంబరు 15న పౌరసత్వచట్టము అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము లంకలో పుట్టుట చాలదు. తండ్రియు లంకలో పుట్టియుండవలెను, లేదా తాతయు ముత్తాతయు పుట్టియుండవలెను. దానికి రుజువు చూపవలెను. మఱుసటి యేడు ఓటుహక్కును పోయెను.

ఈ రుజువు సంగతిని మనవారు కొంచెము మనస్సున నుంచికొని చూడవలెను. మనలో ముత్తాత పేరు, గోత్రము చెప్పగలవారు చాలమంది కలరు. ముత్తాత పుట్టిన తేదీని ప్రభుత్వపు రిజిస్టరులో చూపగలవా రెందఱు? గిరిగారు కొలంబోలో నుండిననాడు ఆదవాని బళ్లారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా ఆదవాని, ఆలూరు తాలూకాలు కర్నూలుజిల్లాలో చేరినవి. ఒక్క రాత్రిలో మన జిల్లాయు, మన రాష్ట్రమును మాఱినవి. ఐనను మన తాతముత్తాతల జన్మపత్రికలు ఏ కచ్చేరియు అడుగలేదు. ఆ తోటలవారినో, అడిగిరి.

1949లో భారత పాకిస్తానీ నివాసుల పౌరసత్వచట్టము వచ్చెను. పెండ్లియైనవారు ఏడేండ్లు, కానివారు పదేండ్లు ఎడతెగక నివసించినట్లు చూపి, రెండు సంవత్సరములలో దరఖాస్తు చేయవలెను. గిరిగారి కాలములో చాలభాగము ఈ చిక్కులోనే గడచినది. సంఘనాయకుడు ఎదిరిని నిలదీయవచ్చును, పని నిలిపివేయుమనవచ్చును, రాయబారి చేయరాదు. చిన్నదేశమునకు పెద్దదేశపు రాయబారిగా పోయినవాడు గొంతెత్తినచో అది బెదిరింపగును. సింహళులకును ఒక భయము కలదు: తమ కొండసీమలో తామే తక్కువవార మగుదుమేమో యని. ఆ భయమును పూర్తిగా అన్యాయమని త్రోసివేయలేము. దాని భారమును ఓటు లేని కూలివాని తలపై మోపుటయే అన్యాయము. 1951లో గిరిగారు తిరిగివచ్చునాటికి ప్రశ్న తీఱలేదు.

ఆయన స్థానమున మాతృభూమి పత్రికాస్థాపకులగు కె. పి. కేశవమేనోన్ గారు పోయి, తమ ప్రభుత్వముతో అభిప్రాయము కుదురక రాజీనామా యిచ్చిరి. ఎనిమిది లక్షలకు పైగా చేసికొన్న దరఖాస్తులలో ఒప్పుకొనబడినవి సుమారు 1,34,000 మందివి మాత్రమే. 1954లో నెహ్రూ, కొటలావల గార్లు ఒడంబడిక చేసికొనిరి గాని పని జరుగలేదు. 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకె గార్లు 9,75,000 మందిని పంచికొనిరి: 5,25,000 మంది భారతమునకు, 3,00,000 మంది లంకకు, మిగిలిన 1,50,000 తరువాత తేల్చుటకు. 1974లో ఆ మిగిలినవారిని సగము సగము చేసిరి. అన్నదమ్ములు గొడ్డును గోదను పంచుకొనునప్పుడైనను పాలిచ్చు ఆవును దూడనుండి వేఱుచేయరు. ఈ లెక్కలో తల్లి యొక పాలు, బిడ్డ యొక పాలు అయిన యిండ్లు కలవు. ఆ కాలమున కొలంబోలో మన హైకమిషనరు భీంసేన్ సచ్చార్ గారు. 1957 మొదలు 1962వఱకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నుండినవారే. ఒడంబడిక జరిగిన రెండునెలలలోపుననే, డిసెంబరులో, తుపాను ధనుష్కోడిని ముంచివేసెను. తిరిగివచ్చు కుటుంబములు తలైమన్నారు నుండి రామేశ్వరమునకు ఓడలో దిగిరి. వారిలో ఎక్కువమంది ఆ నేలను అంతకుముందు చూచియెఱుగరు.

తరువాతి రాయబారుల చరిత్ర వేఱొక పెద్ద దుఃఖమునకు చెందినది. 1987 జూలై 29 ఒప్పందమును, శాంతిసేనను, ఆనాటి హైకమిషనరు జె. ఎన్. దీక్షిత్ గారిని గూర్చి గ్రంథములే కలవు. ఇచ్చట విస్తరింపను. ఒకరిని మాత్రము పేర్కొనవలెను. గోపాలకృష్ణ గాంధీగారు 1978 మొదలు నాలుగేండ్లు కాండీలో తిరిగివచ్చువారి కాగితములు చూచు చిన్న యుద్యోగములో నుండి, తోటకూలీల బ్రతుకుపై నవల వ్రాసిరి. 2000లో ఆయనయే హైకమిషనరుగా కొలంబోకు వచ్చిరి.

2003లో లంకా పార్లమెంటు ఒక చట్టము చేసెను. 1964 అక్టోబరు 30 మొదలు లంకలో నివసించుచున్న భారతసంతతివారికిని, వారి సంతానమునకును, కోరినంతమాత్రమున పౌరసత్వము లభించును. ముత్తాత రుజువు అక్కఱలేదు. గిరిగారు కొలంబో విడిచి అప్పటికి 52 సంవత్సరములు. ఆయన ఈలోపల రాష్ట్రపతియై, 1980లో కాలధర్మము చెందియుండిరి.