కర్నూలు బస్సు మార్గాల వ్యాజ్యం – కోకా సుబ్బారావు న్యాయదృష్టి

ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్ రాజకీయ చరిత్రలో న్యాయస్థానం తీర్పు కారణంగా ఒక ముఖ్యమంత్రి పదవి వదులుకున్న తొలి సందర్భం 1964 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆ వ్యాజ్యానికి మూలం కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని బస్సు మార్గాలు. ఈ ఘటనను రాజకీయ చరిత్రలు సాధారణంగా ముఠా తగాదాల అధ్యాయంలో చేర్చి ముగిస్తాయి. అయితే దీనికి ఒక న్యాయచరిత్ర కూడా ఉంది. ఆ చరిత్ర కోకా సుబ్బారావు అనే సంప్రదాయవాద న్యాయవేత్త జీవితంతో ముడిపడి ఉంది. ఆయన ఆలోచనలోని ఆస్తిహక్కు, సహజ న్యాయం అనే రెండు పాయలలో కర్నూలు ప్రజాజీవితాన్ని తాకినది ఏదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

న్యాయవాది నుండి న్యాయమూర్తి వరకు

కోకా సుబ్బారావు 1902లో రాజమహేంద్రవరంలో జన్మించారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, అక్కడే వృత్తి చేపట్టారు. ఆయన బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి న్యాయవాదిగా పనిచేశారు. రాజమన్నార్ ‘తప్పెవరిది?’ నాటకకర్తగా తెలుగు సాహిత్య విద్యార్థులకు పరిచితులే. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయిన సుబ్బారావు, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత 1954లో గుంటూరులో నెలకొన్న హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అప్పటి రాజధాని కర్నూలు. శ్రీబాగ్ ఒడంబడిక స్ఫూర్తితో పాలన ఒకచోట, న్యాయం మరొకచోట కుదురుకున్న కాలమది. 1958 జనవరిలో ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. వ్యక్తి ఆస్తిలోనూ స్వేచ్ఛలోనూ ప్రభుత్వ జోక్యానికి గట్టి హద్దులుండాలన్నది ఆయన తీర్పులన్నింటిలో కనిపించే నమ్మకం. సంప్రదాయవాది అన్న పేరు ఆయనకు అందుకే వచ్చింది.

కృష్ణా జిల్లా వ్యాజ్యాలు

1956లో మోటారు వాహనాల చట్టానికి నాలుగు-ఎ అధ్యాయాన్ని చేర్చారు. రవాణా సంస్థ ఒక పథకం ప్రకటించి ప్రైవేటు బస్సులను తొలగించి ఆ మార్గాలను తన అధీనంలోకి తీసుకోవచ్చు. అయితే యజమానుల అభ్యంతరాలను ప్రభుత్వం విని తీరాలి. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. వెంటనే కృష్ణా జిల్లా బస్సు యజమానులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఇదే గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు.

1958 నవంబరులో వెలువడిన మెజారిటీ తీర్పును సుబ్బారావు రాశారు. ఇందులో గమనించదగిన విషయం ఒకటుంది. చట్టమే చెల్లదన్న యజమానుల వాదన నెగ్గలేదు. జాతీయీకరణ చేసే అధికారం ప్రభుత్వానికి ఉందని న్యాయస్థానం అంగీకరించింది. పథకం కొట్టుడుపోయింది మరో కారణంగా. అభ్యంతరాలను విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. విన్నవాడు నిర్ణయించక, నిర్ణయించినవాడు వినకపోతే విచారణ నామమాత్రమే అవుతుందని తీర్పు సారాంశం. పైగా ఆ కార్యదర్శి వివాదంలో ఒక పక్షమైన శాఖకే అధిపతి.

తరువాత ముఖ్యమంత్రే స్వయంగా విచారణ జరిపారు. ఆయనకు పక్షపాతం ఉందంటూ యజమానులు మళ్లీ వచ్చారు. 1959లో సుబ్బారావు ఆ వాదనను తోసిపుచ్చారు. చట్టం అప్పగించిన బాధ్యత నిర్వహించే మంత్రికి తన విధానం పట్ల మొగ్గు ఉండటం వేరు, వ్యక్తిగత పక్షపాతం వేరు అని ఆయన విడదీశారు. ఆ రెండవది రుజువైతే ఫలితం వేరుగా ఉంటుందన్న అవకాశం ఈ విభజనలోనే మిగిలిపోయింది. కర్నూలు వ్యాజ్యం అక్కడి నుండే మొదలవుతుంది.

కర్నూలు పశ్చిమ భాగం

1962 ఎన్నికలలో సంజీవరెడ్డి కర్నూలు జిల్లా డోన్ నియోజకవర్గం నుండి శాసనసభకు ఎన్నికై, అదే ఏడాది మార్చిలో రెండవసారి ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలు-కడప కాలువ తడిపే నేలను మినహాయిస్తే ఈ ప్రాంతంలో అధికభాగం వానను నమ్ముకున్న సేద్యమే. ఇటువంటి చోట బస్సు పర్మిట్ అంటే ఏడాది పొడవునా చేతికి నగదు అందించే ఆధారం. ఊరూరా పరిచయాలు పెంచే సాధనం కూడా. కాబట్టి పర్మిట్ పోవడం వ్యాపారనష్టంతో ఆగే విషయం కాదు, పలుకుబడి పోవడం కూడా.

జాతీయీకరణ ఏ జిల్లా తరువాత ఏ జిల్లాలో జరగాలో అంతకుముందే ఒక క్రమం ఉంది. దానిని కాదని కర్నూలును ముందుకు తెచ్చారని, అందులోనూ జిల్లా మొత్తాన్ని కాక పశ్చిమ భాగాన్నే ఎంచుకున్నారని, అక్కడి యజమానులు ముఖ్యమంత్రికి రాజకీయ ప్రత్యర్థులు కావడమే ఇందుకు కారణమని సి.ఎస్. రౌజీ తదితరులు ఆరోపించారు. హైకోర్టు వారి వాదనను అంగీకరించలేదు. సుప్రీంకోర్టు 1964లో అంగీకరించింది.

ఈ తీర్పు రాసినవారు జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్, సుబ్బారావు కాదు. దురుద్దేశాన్ని ఆరోపించడం తేలిక, నిరూపించడం కష్టమన్న ఎరుకతోనే న్యాయస్థానం సాక్ష్యాన్ని పరిశీలించింది. ఎంపికలో వచ్చిన మార్పుకు సంస్థ చెప్పిన కారణాలు నిలబడలేదు. వ్యక్తిగత ఆరోపణలను ఖండిస్తూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ దాఖలు చేయలేదు. ఆయన మనసులోని ఉద్దేశాన్ని గురించి ఇతరులు ప్రమాణం చేసి చెప్పడం చాలదు. ఖండన లేని ఆరోపణ నిలిచింది, పథకాలు రద్దయ్యాయి. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు.

రెండు పాయల గతి

ఈ ఫలితాన్ని ఆస్తిపరుల విజయంగా చూసే దృష్టి ఒకటుంది. బస్సు యజమానులు నిరుపేదలు కారు, ప్రభుత్వ బస్సు ప్రయాణికుడికి శత్రువూ కాదు. అయినా వారు గెలిచింది ఆస్తి ఉన్నందువల్ల కాదు. అధికారాన్ని కక్షసాధింపుకు వాడరాదన్న సూత్రం వారి పక్షాన నిలిచినందువల్ల. ఆ సూత్రం పర్మిట్ లేనివాడికీ, భూమి లేనివాడికీ అంతే వర్తిస్తుంది.

సుబ్బారావు జీవితంలో ఆస్తిహక్కు పాయ 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పుతో శిఖరానికి చేరింది. ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించలేదని ఆరుగురు న్యాయమూర్తులు, కుదించగలదని అయిదుగురు తీర్పు చెప్పారు. రెండు నెలలు తిరగకముందే ఆయన ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ రాగా ఆయనకు 3,63,971 వచ్చింది. ఆ పోటీ ఆయన తీర్పులకు రాజకీయ రంగు పులిమిందన్న విమర్శ నిరాధారం కాదు. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను తోసిరాజంది.

ముగింపు

నలభై నాలుగవ రాజ్యాంగ సవరణ 1979లో ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించింది. ఆ సవరణకు ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి సంజీవరెడ్డి. సుబ్బారావు అప్పటికి మూడేళ్ల క్రితమే మరణించారు. ఆయన జీవితమంతా కాపాడదలచిన హక్కు ఆ విధంగా రాజ్యాంగంలో తన స్థానం కోల్పోయింది. విన్నవాడే నిర్ణయించాలి, నిర్ణయించేవాడికి వ్యక్తిగత కక్ష ఉండరాదు అన్న సూత్రాలు మాత్రం చెక్కుచెదరలేదు. అధికారి దురుద్దేశాన్ని ప్రశ్నించే వ్యాజ్యాలలో రౌజీ కేసును న్యాయస్థానాలు తరువాత కూడా ఉదాహరిస్తూ వచ్చాయి. సంప్రదాయవాద న్యాయవేత్తను అంచనా వేసేటప్పుడు ఆయన ఎవరి ఆస్తిని కాపాడారన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఆయన నిలిపిన పద్ధతి ఎవరెవరికి అక్కరకు వచ్చిందన్న ప్రశ్న కూడా వేయాలి. కర్నూలు బస్సు మార్గాల చరిత్ర ఆ రెండవ ప్రశ్నకు సమాధానం.