తెలుగునాట జపాన్ ప్రసంగాలు

జపాన్ ఆర్థిక వ్యవస్థ గురించి, వాస్తుశిల్పం గురించి, సమాజం గురించి తెలుగువారు సభల్లోనూ పత్రికల్లోనూ సాగిస్తున్న చర్చకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. 1904–05 నాటి రష్యా–జపాన్ యుద్ధంతో ఊపందుకున్న ఈ చర్చ అమరావతి రాజధాని నమూనాల వివాదం దాకా ఎన్నో మలుపులు తిరిగింది. పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామలకు ఇందులో తక్కువ స్థానమేమీ లేదు. ఈ రెండూ 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కడ ఏం జరిగినా తెలుగులో చెప్పాలని పట్టుబట్టిన తొలి తరంలో ఇద్దరు ముఖ్యులు ఈ మెట్ట బిడ్డలే.

1905 మే నెలలో సుషిమా జలసంధిలో రష్యా నౌకాదళాన్ని జపాన్ చిత్తుచేసింది. ఐరోపా సామ్రాజ్యాన్ని ఆసియా దేశం ఓడించగలదన్న నమ్మకం వలస దేశాలన్నిటా పాకింది. బెంగాల్ విభజనతో రేగిన వందేమాతరం ఉద్యమానికి ఈ గెలుపు బలమిచ్చింది. పారిశ్రామిక విద్య కోసం యువకులను జపాన్‌కు పంపే సంఘం 1904లోనే కలకత్తాలో వెలిసింది. 1907 ఏప్రిల్‌లో ఆ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నాల్లో ఉపన్యాసాలిచ్చారు. పాత్రికేయుడు ముట్నూరి కృష్ణారావు ఆయన వెంట తిరిగారు. స్వదేశీ పరిశ్రమ, జాతీయ విద్య ఆ సభలకు ప్రాణం. వాటి ఫలితంగానే కోపల్లె హనుమంతరావు ప్రభృతులు 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి, పుస్తకాల చదువుతోపాటు చేతిపనులూ నేర్పారు. 1868 మెయిజీ మార్పు తరవాత నాలుగేళ్లకే దేశమంతటికీ బడి చట్టం తెచ్చుకున్న జపాన్ ఆనాటి జాతీయ విద్యావాదులకు దగ్గరి ఉదాహరణ.

నందిగామకు దగ్గర్లోని పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో హైదరాబాదులో తెలుగు పుస్తకాల ప్రచురణకు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యుడు. ఆ మండలితో కలిసి నడిచిన అయ్యదేవర కాళేశ్వరరావు నందిగామవాడు. ఈయనే తరవాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు. ఫ్రెంచి విప్లవం, చైనా జాతీయోద్యమం, ఈజిప్టు చరిత్ర వంటి విషయాల మీద ఆయన తెలుగులో పుస్తకాలు రాశారు. ఇంగ్లీషు రాని పాఠకుడికి ప్రపంచ రాజకీయాలు అందాలన్నదే ఆయన పట్టుదల. లక్ష్మణరావు మరింత పెద్ద పనికి పూనుకుని ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం’ మొదలుపెట్టారు. 1923లో ఆయన కన్నుమూసేనాటికి ఆ గ్రంథం అక్షరక్రమంలో మొదటి అక్షరాల దగ్గరే ఉంది. ‘జ’ దాకా వచ్చి ఉంటే జపాన్ మీద తెలుగులో సమగ్రమైన వ్యాసం ఆ రోజుల్లోనే వచ్చేది. తెలుగు చదువరికి అది నిజంగా పెద్ద నష్టం.

జపాన్‌ను కంటితో చూసి వచ్చి చెప్పినవారిలో సయ్యద్ రాస్ మసూద్‌ను ముందు చెప్పుకోవాలి. హైదరాబాద్ రాజ్య విద్యాశాఖాధికారిగా ఆయన 1922లో జపాన్ వెళ్లి, అక్కడి విద్యావిధానం మీద 1923లో ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించారు. సొంత భాషలోనే ఇంజనీరింగు, వైద్యం, సైన్సు నేర్పుకుని ఒక దేశం ఎలా నిలబడిందో ఆయన శ్రద్ధగా గమనించారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆ సాక్ష్యం ఎంతో అవసరం. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ 1919–20లో టోక్యోలోని కెయియో విశ్వవిద్యాలయంలో ఆంగ్ల కవిత్వం మీద ఉపన్యాసాలిచ్చి వచ్చారు. అయితే జపాన్ దారిలో ప్రమాదమూ ఉందని అంతకుముందే, 1916లో, టోక్యోలో నిలబడి హెచ్చరించినవాడు రవీంద్రనాథ్ ఠాగూరు. పశ్చిమ దేశాల యుద్ధోన్మాదాన్ని అరువు తెచ్చుకోవద్దని ఆయన చెప్పిన మాట అక్కడ చాలామందికి రుచించలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆదర్శంగా చెప్పుకున్న దేశమే శత్రుపక్షమై తీరం మీదికి వచ్చింది.

యుద్ధం తరవాత మాట ఇనుము మీదికి, రుణం మీదికి మళ్లింది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. దాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రానికి (150 మెగావాట్ల యూనిట్లు 6) జపాన్ రుణమే ఆధారం. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్‌కు జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ జైకా తోడ్పడింది. కంది ప్రాంగణంలో కొన్ని భవనాల రూపకల్పనలో టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యులు పాలుపంచుకున్నారు. ఈ సహకారం విలువైనదే. కానీ 1907లో, 1922లో ఉన్న ప్రశ్న, ‘వాళ్లు ఎలా నేర్చుకున్నారు?’ అన్నది, ఈ దశలో దాదాపు మాయమైంది. ఎంత రుణం, ఎంత వడ్డీ అన్న లెక్కే మిగిలింది.

వాస్తుశిల్పం సంగతికొస్తే మెట్టకు సొంత గొంతుంది. జగ్గయ్యపేట శివారు ధనబోడు గుట్ట మీది స్తూపాన్ని పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ 1882లో పరిశీలించి, 1887లో అమరావతి స్తూపంతో కలిపి పుస్తకంగా వెలువరించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే ఆవేశని, అంటే శిల్పుల పెద్ద, వెలగిరి మహాచైత్యం తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలిపినట్టు అక్కడి శాసనం చెబుతోంది. దాత రాజు కాదు, పనివాడు. తన తండ్రి కూడా ఆవేశనేనని రాయించుకున్నాడు. ఇటువంటి స్తూపాలే చైనా, కొరియాల మీదుగా రూపం మార్చుకుంటూ జపాన్ చేరి, నారా సమీపంలోని హోర్యూజీ ఐదంతస్తుల చెక్క గోపురం వంటివి అయ్యాయి. కృష్ణాతీరంతో పేరు ముడిపడ్డ ఆచార్య నాగార్జునుణ్ని జపాన్ బౌద్ధులు ఎనిమిది సంప్రదాయాలకు మూలపురుషుడిగా కొలుస్తారు.

జగ్గయ్యపేటకూ నది అవతలి అమరావతికీ చుట్టరికం కొత్తది కాదు. బేతవోలును పేటగా పెంచి తండ్రి జగ్గయ్య పేరు పెట్టింది వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. 18వ శతాబ్ది చివర అమరావతి ఊరు కట్టించిందీ ఆయనే. ఆ పనిలో దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వి రాళ్లు తీస్తుండగానే మహాస్తూపం సంగతి సర్వేయరు కాలిన్ మెకంజీ చెవిన పడింది.

అమరావతి పేరుతో వచ్చిన కొత్త రాజధానితో జపాన్ మళ్లీ చర్చకొచ్చింది. 2014 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అప్పటి ముఖ్యమంత్రి జపాన్‌లో పర్యటించారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో జరిగిన రాజధాని శంకుస్థాపనకు జపాన్ సహాయ మంత్రి యోసుకే తకాగి వచ్చారు. ప్రభుత్వ భవన సముదాయం నమూనాల పోటీలో బాలకృష్ణ దోషి సంస్థనూ, బ్రిటన్ రోజర్స్ సంస్థనూ దాటి 2016 మార్చిలో ఫుమిహికో మకీ సంస్థ గెలిచింది. మకీ 1993 ప్రిట్జ్‌కర్ పురస్కార గ్రహీత. టోక్యోలో ‘హిల్‌సైడ్ టెర్రస్’ అనే భవన సముదాయాన్ని 1967 నుంచి పాతికేళ్లపాటు విడతలుగా, ఇరుగుపొరుగు మారుతుంటే దానికి తగ్గట్టు కట్టుకొచ్చినవాడు. అటువంటివాడి చేతికి ఒక రాజధాని నడిబొడ్డును ఇచ్చి, నెలల్లో బొమ్మ తెమ్మన్నారు. నమూనాలు బయటికి రాగానే శాసనసభ, హైకోర్టు భవనాలు థర్మల్ కేంద్రం గొట్టాల్లా ఉన్నాయన్న విమర్శ పత్రికల్లో, సామాజిక మాధ్యమాల్లో చెలరేగింది. మకీ ఎవరు, ఆయన కట్టడాల వెనక ఆలోచన ఏమిటి అన్నది తెలుగులో వివరించిన గొంతులు ఆ హోరులో వినబడలేదు. ఏడాది తిరగకముందే ఆ సంస్థ తప్పుకోవాల్సి వచ్చింది. తమకు అన్యాయం జరిగిందని మకీ పక్షం బాహాటంగానే అభ్యంతరం చెప్పింది. తరవాత పని బ్రిటన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థకు వెళ్లింది. మకీ 2024 జూన్‌లో మరణించారు.

నమూనా బాగుందా లేదా అన్నది వేరే సంగతి. జనం ముందుకు అది వచ్చిన క్రమమే తప్పు. పోటీకి ముందు జరగాల్సిన చర్చ ఫలితం వచ్చాక గోలగా జరిగింది. ఒక పరాయి దేశపు వాస్తుశిల్పాన్ని, ఆర్థిక వ్యవస్థను సొంత భాషలో ముందుగా పరిచయం చేసే సభలు కొమర్రాజు తరం తరవాత తెలుగునాట తగ్గిపోయాయి. అమరావతి నిర్మాణం 2025 మేలో మళ్లీ మొదలైంది. ఈ పునాదుల ఎదురుగడ్డన ఉన్న నందిగామ, జగ్గయ్యపేట గ్రంథాలయాలు, కళాశాలలు జపాన్‌తో మొదలుపెట్టి అటువంటి సభలను తెలుగులో మళ్లీ నడపాలి.