చంద్రగ్రహణానికి మామూలు కెమెరా చాలు



గ్రహణం అనగానే మన ఇళ్లల్లో ముందుగా గుర్తుకొచ్చేవి పట్టు స్నానం, విడుపు స్నానం, పచ్చడి జాడీల మీద దర్భలు. ఆచారం ఎవరి ఇష్టం వారిది. అయితే ఆ పంచాంగంలోనే సంపూర్ణ చంద్రగ్రహణానికి ఐదు సమయాలు రాసి ఉంటాయి: స్పర్శ, నిమీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం. కెమెరా పట్టుకుని మేడ ఎక్కేవారికి ఇంతకంటే మంచి టైంటేబులు లేదు. ఈ పని ఎక్కడ మొదలై మన చేతికి ఎలా వచ్చిందో, అలా తీసిన ఫోటో ఎందుకు పనికొస్తుందో ఈ వేళ చెప్పుకుందాం.

1840లో న్యూయార్కులో జాన్ విలియం డ్రేపర్ చంద్రుణ్ణి వెండి పూత పూసిన రాగి రేకు మీద పట్టాడు. అందుకు సుమారు 20 నిమిషాలు పట్టింది. 1851 జూలైలో కోనిగ్స్‌బర్గ్ నగరంలో సంపూర్ణ సూర్యగ్రహణానికి తొలి మంచి ఫోటో దొరికింది. ఆ తరువాత వంతు మన గుంటూరుది. 1868 ఆగస్టు 18న మేజర్ టెనెంట్ బృందం అక్కడ సూర్యగ్రహణాన్ని ఆరు ఫోటోలు తీసింది. గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, అప్పటికప్పుడే కడగాలి. దూరదర్శిని, చీకటి గుడారం, మందుల సీసాలు, పనివాళ్లు అన్నీ ఉంటేనే జరిగే పని అది. ఆ రోజునే మద్రాసు నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో గ్రహణాన్ని పరిశీలించారు.

సూర్యగ్రహణాన్నే పట్టినవారికి చంద్రగ్రహణం ఏపాటి అనుకుంటాం. కాని నిజానికి అదే కష్టం. నీడలో పూర్తిగా మునిగిన చంద్రుడి కాంతి పున్నమి వెలుగులో పదివేలవ వంతుకు పడిపోతుంది, ఒక్కోసారి పది లక్షలవ వంతుకు కూడా. పైగా ఆ మిగిలిన వెలుగు ఎరుపు. ఆనాటి పలకలు నీలి కాంతికి స్పందించేవే గాని ఎరుపు వాటికి దాదాపు చీకటే. 1873లో జర్మనీలో వోగెల్ అనే రసాయన శాస్త్రవేత్త పలకకు రంగు కలిపి, ఇతర వర్ణాలు కూడా పడేటట్లు చేసే దారి కనిపెట్టాడు. అన్ని రంగులనూ గ్రహించే పలకలు 1906 నుంచి బజారులోకి వచ్చాయి. మన కంటికి కనిపించే రాగి రంగు చంద్రుడు అలా కెమెరా కంటికీ కనిపించడం మొదలుపెట్టాడు.

మన దగ్గర సామాన్యుడి చేతికి ఫిల్ము వచ్చింది ఇంకా ఆలస్యంగానే. 1960లో స్థాపించిన ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము చాలామందికి తెలుసు. ఇందు అంటే చంద్రుడే కదా! పెళ్లిళ్లలో, విహారయాత్రల్లో కనిపించిన ఆగ్ఫా క్లిక్ త్రీ షట్టరు ఒకే వేగంతో పనిచేసేది. పగటి ఫోటోలకు సరే, గ్రహణానికి చాలదు. రష్యా నుంచి వచ్చిన జెనిట్ కెమెరాలో మాత్రం ‘బి’ అనే గుర్తు ఉండేది. దాని మీద పెడితే మీట నొక్కినంతసేపూ షట్టరు తెరుచుకునే ఉంటుంది. ఆ ఒక్క సదుపాయం నక్షత్రశాల పనిని మేడ మీదికి తెచ్చింది.

ఫిల్ము పోయి డిజిటల్ కెమెరా, సెల్ ఫోను వచ్చినా సూత్రాలు మారలేదు. లెన్సు నాభ్యంతరాన్ని 110తో భాగిస్తే చంద్రబింబం సైజు వస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుతో అర మిల్లీమీటరు, 200 లెన్సుతో రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. కాబట్టి పెద్ద లెన్సు కావాలి, లేదా బైనాక్యులర్ కంటి వైపు గాజుకు ఫోను ఆనించాలి. కెమెరాను ట్రైపాడ్ మీదో ఇసుక మూట మీదో కదలకుండా ఉంచండి. వేలితో నొక్కకుండా టైమరు పెట్టండి. ఫ్లాషు ఆపేయండి. పున్నమి చంద్రుడికి సెకనులో వందో వంతు చాలు. పూర్తిగా మునిగాక సెకను, రెండు, నాలుగు, ఇలా పెంచుకుంటూ తీయండి. మరీ పెంచితే బింబం సాగిపోతుంది, ఎందుకంటే ఆకాశంలో చంద్రుడు తన వెడల్పంత దూరం రెండు నిమిషాల్లోనే జరిగిపోతాడు. ప్రతి ఫోటోకు టైము నోటుబుక్కులో రాసుకోండి. చంద్రగ్రహణాన్ని ఎంతసేపు చూసినా కంటికి ప్రమాదం లేదు. ఆ జాగ్రత్త సూర్యగ్రహణానికే.

ఇంత చేసి తీసిన ఫోటో అంత అందంగా రాకపోవచ్చు. కాని సగం పట్టిన ఫోటో ఒకటి కాగితం మీద పెద్దదిగా వేసి, నీడ అంచును వృత్తలేఖినితో పూర్తి చేయమని పిల్లలకు చెప్పి చూడండి. చంద్రుడికి రెండున్నర రెట్లకు పైచిలుకు ఉండే వృత్తం వస్తుంది. అది రాహువు నోరు కాదు, మనం నిలబడ్డ భూమి నీడ. చంద్రుణ్ణి కప్పేది భూమి నీడేనని ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే చెప్పాడు. పుస్తకంలో చదివి ఒప్పుకోవడం వేరు, తాను తీసిన ఫోటో మీద తానే గీసి చూడడం వేరు. తలుపులు మూసి పిల్లల్ని లోపల కూర్చోబెడితే పోయేది ఈ రెండోదే.

ఆ ఎరుపు కూడా ఒక లెక్కే చెబుతుంది. అది భూమి చుట్టూ ఉన్న గాలి పొరలోంచి వంగి వెళ్లిన సూర్యకాంతి. గాలిలో ధూళి పెరిగితే చంద్రుడు నల్లబడతాడు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలితే 1884 అక్టోబరు గ్రహణంలో చంద్రుడు కనిపించీ కనిపించనట్లున్నాడు. 1991లో పినాటుబో పేలితే 1992 డిసెంబరు 10 తెల్లవారుజామున మన దేశంలో కనిపించిన గ్రహణమూ అలాగే చీకటిగా ఉంది.

ఇక మనలాగా సరిహద్దుల్లో చెదిరి ఉన్న తెలుగువారికి చంద్రగ్రహణంలో ఒక ప్రత్యేకత ఉంది. సూర్యగ్రహణం ఊరికొక సమయంలో పడుతుంది. చంద్రగ్రహణం అలా కాదు. నేత మగ్గాల షోలాపూరులోనైనా, బళ్లారిలోనైనా, హోసూరులోనైనా, యానాంలోనైనా, ఒడిశా బరంపురంలోనైనా నీడ తాకే క్షణం ఒక్కటే. ఎండ గడియారం లెక్కన మాత్రం షోలాపూరుకూ బరంపురానికీ 35 నిమిషాల తేడా ఉంది. ఒకే గ్రహణానికి రెండు ఊళ్ల స్థానిక సమయాలను పోల్చితే వాటి మధ్య రేఖాంశాల దూరం తెలుస్తుందని క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలోనే గ్రీకు పండితుడు హిపార్కస్ సూచించాడు. మన పిల్లలు ఆ పని ఫోటోలతో చేయవచ్చు. ఒకే నిమిషాన తీసిన ఫోటోల్లో, చంద్రుడు తూర్పున ఉన్నప్పుడు, షోలాపూరులో కిందికీ బరంపురంలో పైకీ కనిపిస్తాడు.

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ గ్రహణం 82 నిమిషాలు సాగింది. అలాగే మొదటి నుంచి చివరి దాకా మన దేశమంతటా కనిపించే సంపూర్ణ గ్రహణం 2028 డిసెంబరు 31 రాత్రి వస్తుంది. ఊరు ఊరంతా కొత్త సంవత్సరం కోసం మేలుకుని ఉండే రాత్రి అది. పొరుగు రాష్ట్రంలో ఉన్న మీ బంధువులకు ఒక ఉత్తరం రాసో, ఫోన్ చేసో ముందుగా చెప్పి ఉంచండి. అక్కడి మేడ మీద ఒక కెమెరా, ఇక్కడి మేడ మీద ఒక కెమెరా ఉంటే చాలు. టైము రాయడం మాత్రం మరచిపోకండి.