సీలింగ్ వంకరగా ఉన్న గదిలో క్రౌన్ మోల్డింగ్

మా డైనింగ్ రూమ్‌కి క్రౌన్ మోల్డింగ్ నేను రెండుసార్లు వేశాను. మొదటిసారి వేసింది నెల తిరక్కుండా పీకేయాల్సి వచ్చింది. చెక్క మంచిదే, కోతలూ బాగానే కుదిరాయి. సీలింగ్‌ని నమ్మడమే నేను చేసిన తప్పు.

14 అడుగుల గోడ పొడవునా మోల్డింగ్‌ని సీలింగ్‌కి అదిమిపెట్టి మేకులు కొట్టుకుంటూ పోయాను. సీలింగ్ మధ్యలో అర అంగుళం కిందికి దిగి ఉందని, అక్కడక్కడా గతుకులున్నాయని అప్పటికి నాకు తెలియదు. పైన సందు లేకుండా కూర్చుంది కానీ కింది అంచు పాములా మెలికలు తిరిగింది. గోడకి ముదురు రంగు, మోల్డింగ్‌కి తెలుపు. కిటికీ మీద కర్టెన్ రాడ్డు తిన్నగా ఉండటంతో ఆ వంకర ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించేది. భోజనానికి వచ్చిన బాబాయిగారు కుర్చీలో కూర్చోగానే "ఏరా, ఇల్లు గానీ కుంగుతోందా?" అని అడిగారు.

అమెరికాలో చెక్క ఫ్రేము ఇళ్లలో ఇది మామూలే. జాయిస్టులు ఏళ్ల మీద కొద్దిగా వంగుతాయి. డ్రైవాల్ అతుకుల దగ్గర, మూలల్లో పూత మందంగా పడి ఉబ్బుతుంది. కంటికి మాత్రం పైనున్న సన్నటి సందు కన్నా గోడ మీద కింది అంచు గీసే గీతే ముందు కనిపిస్తుంది. అందుకే రెండోసారి పని కింది నుంచి మొదలుపెట్టాను.

గది మధ్యలో లేజర్ లెవెల్ పెట్టి, సీలింగ్‌కి అడుగు కిందుగా నాలుగు గోడల మీదా గీత పడేలా చూసుకోండి. మామూలు రసమట్టంతోనూ అవుతుంది గానీ ఓపిక కావాలి. ప్రతి రెండడుగులకీ ఆ గీత నుంచి సీలింగ్‌కి ఎంతుందో కొలిచి గోడ మీదే పెన్సిల్‌తో రాసుకోండి. అన్నిటికన్నా చిన్న అంకె ఉన్నచోటే సీలింగ్ బాగా దిగింది. మోల్డింగ్ ఏటవాలుగా కూర్చుంటుంది కాబట్టి దాని వెడల్పు, గోడ మీద అది ఆక్రమించే ఎత్తు ఒకటి కావు. 45 డిగ్రీల రకంలో నాలుగుంపావు అంగుళాల ముక్క గోడ మీదికి సుమారు 3 అంగుళాలే దిగుతుంది. 38 డిగ్రీల రకానికి లెక్క వేరు. ఒక తుంటముక్కని మూలమట్టంలో ఆనించి కొలుచుకోవడం మేలు. సీలింగ్ బాగా దిగినచోట నుంచి ఆ కొలత కిందికి పెట్టి, అక్కడ నుంచి సుద్ద దారంతో గీత కొట్టుకోవాలి.

ఇప్పుడు ఆ అంకెలు చూడండి. గది అంతా ఒక పక్కకి వాలి ఉంటే లెవెల్ కోసం పట్టుబట్టకండి. గీతని కూడా కొంచెం వాల్చండి. 14 అడుగుల్లో పావు అంగుళం వాలు ఎవరికీ కనపడదు. మధ్యలో దిగి ఉంటే నేను చేసినట్టు సగం సగం పంచుకోవచ్చు. గీత రెండు చివర్లనీ పావు అంగుళం పైకి జరిపి మెల్లని వంపుతో కలిపాను. మిగిలిన పావు అంగుళం సందుని సీలింగ్ మీద జాయింట్ కాంపౌండ్ పూతతో మూశాను. మొదటి పూత నీళ్లలో కలుపుకుని గట్టిపడే పొడి రకం అయితే అంతగా కుంచించుకుపోదు. తర్వాత మామూలు రకంతో రెండు పల్చటి పూతలు, గోడ నుంచి అడుగుకి పైగా లోపలికి లాగి సన్నం చేయాలి. ఎనిమిదో వంతు అంగుళం లోపు సందులకి కాక్ చాలు. సిలికాన్ కాక్ మాత్రం వద్దు, దానిమీద పెయింట్ నిలవదు.

గీత ఎలా కొట్టినా, మూలలో రెండు గోడల గీతలూ ఒకే ఎత్తులో కలవాలి. లేకపోతే ఎంత బాగా కోసినా డిజైన్ అతకదు. లోపలి మూలలు సరిగ్గా 90 డిగ్రీలు ఉండటం అరుదు. ఒక ముక్కని మూల దాకా నేరుగా పెట్టి, రెండో దాన్ని కోపింగ్ సాతో మొదటిదాని ఆకారానికి కోయడమే నయం. జాయిస్టులు గోడకి సమాంతరంగా ఉన్నచోట పై అంచుకి మేకు పట్టదు. అక్కడ త్రికోణపు చెక్క ముక్కల్ని ముందే స్టడ్‌లకి స్క్రూలతో బిగించి ఉంచండి.

చలి ప్రాంతాల వాళ్లకి ఒక మాట. పైఅంతస్తులో నడిమి గోడలకీ సీలింగ్‌కీ మధ్య చలికాలంలో సందు తెరుచుకుని వేసవిలో మూసుకుంటుంటే, పైకప్పు ట్రస్సులు కదులుతున్నాయని అర్థం. అక్కడ మోల్డింగ్‌ని సీలింగ్ వైపే బిగించాలి, గోడకి కాదు. అప్పుడు అది సీలింగ్‌తో పాటే కదులుతుంది, సందు కనిపించదు.

1978కి ముందు కట్టిన ఇల్లయితే సాండ్‌పేపర్ పట్టుకునే ముందు పెయింట్‌లో సీసం ఉందేమో పరీక్ష చేయించండి. పాత పాప్‌కార్న్ సీలింగ్‌లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పసిపిల్లలున్న ఇంట్లో ఆ దుమ్ము లేపకూడదు.

ఆఖర్న సీలింగ్‌కి మెరుపు లేని ఫ్లాట్ పెయింటే వేయండి. కొంచెం మెరిసినా సాయంత్రం దీపం వెలిగించేసరికి పూత వేసిన చోటల్లా అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది.