ఒకే గదిలో రెండు మూటలు

అనంతపురపు మెట్టసీమలో వేరుసెనగ సాగుచేయు రైతు, 1940లో తిండివనమున విడుదలయైన టీఎంవీ-2 విత్తనమును, కదిరి పరిశోధనా స్థానమునుండి వచ్చిన కె-6 విత్తనమును చేతనున్నప్పుడు, రెంటిని ఒకే గదిలో దాచునుగాని ఒకే మూటలో పోయడు. అదను తప్పినచో ఏడాది గ్రాసమే పోవు కరవుసీమ గనుక, క్రొత్తదానిని చేపట్టుచునే పాతదానిని విడువక, మూటమూటకు చీటీ కట్టును. ఒక కంప్యూటరు భాషకు చెందిన భిన్న వెర్షన్లను ఒకే యంత్రమున నిలుపు ప్యాకేజీల విద్యకును ఈ వివేకమే మూలము.

గైడో వాన్ రోసమ్ 1991లో లోకమునకిచ్చిన పైథాన్ భాష, 2000లో రెండవ రూపమును, 2008 డిసెంబరు 3న మూడవ రూపమును దాల్చెను. ‘అనంతపురం’ అను మాట పొడవెంతయని అడిగినచో, యూటీఎఫ్-8 బైట్లను లెక్కించు రెండవ పైథాన్ 24 అనును. యూనికోడ్ సంకేతములను లెక్కించు మూడవది 8 అనును. మన లిపికి న్యాయము చేసినది క్రొత్తదే. అయినను పాతదానిలో వ్రాసిన ప్రోగ్రాములు అసంఖ్యాకములు. వానిని ఒక్కనాట తిరిగి వ్రాయుట ఎవరికిని సాధ్యము గాదు.

కావున లినక్స్ వ్యవస్థయైన డెబియన్ యొక్క ప్యాకేజీకారులు రెండు ఇంటర్‌ప్రెటర్లకు వేరు పేర్లు, వేరు డైరెక్టరీలు కల్పించి, ఏది కావలెనో ప్రోగ్రామే తన మొదటి పంక్తిలో చెప్పుకొనునట్లు చేసిరి. అంతటితో చిక్కు తీరలేదు. పైథాన్ తాను చదివిన మూలపాఠమును బైట్‌కోడ్‌గా మార్చి పక్కనే ఒక ఫైలున దాచుకొనుచుండెను. ఆ ఫైలు పేరు అన్ని వెర్షన్లకు ఒక్కటే యగుటచే, ఒకటి దాచినది వేరొకదానికి పనికిరాక చెరిగిపోవుచుండెను. అందుచే వెర్షనుకొక డైరెక్టరీ ఏర్పరచి, ఒక్కొక్క ఫైలుకు లంకె వేయవలసి వచ్చెను. 2010లో, డెబియన్ ఆధారముగా నిర్మితమైన ఉబుంటు పనిలోనున్న బ్యారీ వార్సా ‘పెప్ 3147’ అను ప్రతిపాదనతో దీనికి పరిష్కారము చూపెను: 3.2 వెర్షన్ మొదలుకొని బైట్‌కోడ్ అంతయు ‘పైకాష్’ డైరెక్టరీలో చేరి, ప్రతి ఫైలు పేరునను ‘సీపైథాన్-32’ వంటి వెర్షన్ గుర్తు నిలిచెను. మూటకు చీటీ కట్టుటయనగా ఇదియే.

2020 జనవరి 1న రెండవ పైథాన్‌కు పోషణ ముగిసెను. 2023లో వెలువడిన డెబియన్ 12 దానిని పూర్తిగా విడిచెను. రెండవ పైథాన్‌పై ఆధారపడినవారికి, మూడవది వచ్చినది మొదలు పోషణ ముగియువరకు పదకొండేండ్లకు పైగా గడువు దొరకినదన్నచో, అది పేరుపేరున చీటీ వ్రాసి రెంటిని కాపాడిన ప్యాకేజీకారుల ఓర్పు ఫలమే.