నిడదవోలు - హైదరాబాదు: ప్రయాణ దూరం, విమాన కాలం

రాజమహేంద్రవరం నుండి హైదరాబాదుకు విమాన ప్రయాణం సుమారు గంటా పది నిమిషాలు. అయితే నిడదవోలు ప్రజలకు అది మొత్తం ప్రయాణంలో ఒక భాగం మాత్రమే. దూరం, కాలం ప్రస్తావించే సందర్భాలలో ఈ వ్యత్యాసాన్ని గుర్తించవలసి ఉన్నది.

విమానాశ్రయం: నిడదవోలుకు సమీప విమానాశ్రయం మధురపూడిలో కలదు. ఇది రాజమహేంద్రవరం నగరానికి 18 కిలోమీటర్లు, నిడదవోలుకు రోడ్డు మార్గాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. నిడదవోలు నుండి వెళ్లేవారు కొవ్వూరు వద్ద గోదావరిని దాటవలసి ఉంటుంది. 1974 నాటి రోడ్డు-రైలు వంతెనకు తోడు 2015లో నాలుగవ వంతెన అందుబాటులోకి వచ్చినది. పూర్వం పశ్చిమ గోదావరిలో ఉన్న నిడదవోలు 2022 ఏప్రిల్ 4 నుండి తూర్పు గోదావరి జిల్లాలో చేరినందున పట్టణం, విమానాశ్రయం ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నవి.

దూరం: మధురపూడి, శంషాబాదు విమానాశ్రయాల మధ్య సరళరేఖలో దూరం సుమారు 360 కిలోమీటర్లు. నిడదవోలు నుండి విజయవాడ, వరంగల్ మీదుగా సికింద్రాబాదుకు రైలు మార్గం సుమారు 475 కిలోమీటర్లు.

కాలం: విమాన కాలపట్టికలో చూపే సమయం విమానం నిలిచిన చోటు నుండి కదిలినది మొదలు గమ్యస్థానంలో ఆగే వరకు పట్టే కాలం. గాలిలో ఉండే సమయం అంతకంటే తక్కువ.

మొత్తం ప్రయాణం (సుమారుగా):
- నిడదవోలు నుండి మధురపూడి: 1 గంట 15 నిమిషాలు
- విమానాశ్రయంలో ముందస్తు సమయం: 2 గంటలు
- విమాన ప్రయాణం: 1 గంట 10 నిమిషాలు
- సామాను తీసుకొని వెలుపలకు రావడం: 30 నిమిషాలు
- శంషాబాదు నుండి సికింద్రాబాదు: 1 గంట 15 నిమిషాలు
మొత్తం: 6 గంటల 10 నిమిషాలు

2008 మార్చిలో విమాన రాకపోకలు బేగంపేట నుండి శంషాబాదుకు మారిన తరువాత సికింద్రాబాదు వైపు వెళ్లేవారికి చివరి అంచె పెరిగినది.

రైలుతో పోలిక: 2023 జనవరి 15న ప్రారంభమైన సికింద్రాబాదు - విశాఖపట్నం వందే భారత్ రైలుకు రాజమహేంద్రవరం, సికింద్రాబాదుల మధ్య సుమారు 6 గంటలు పడుతుంది. నిడదవోలు నుండి రాజమహేంద్రవరం చేరే సమయాన్ని కలిపినా, హైదరాబాదు ప్రయాణంలో విమానం వలన ఆదా అయ్యే కాలం స్వల్పమే. రాత్రి రైలు ఎక్కి ఉదయానికి చేరే వీలు ఉన్నందున అత్యధికులకు నిడదవోలు జంక్షనే ఆధారం.

సుదూర నగరాలు: విమానం వలన అసలు ప్రయోజనం దూర ప్రయాణాలలో కనిపిస్తుంది. మధురపూడి రన్‌వే సుమారు 1,750 మీటర్లు ఉన్నంత కాలం ప్రధానంగా చిన్న విమానాలే నడిచినవి. దానిని 3,165 మీటర్లకు పొడిగించిన పిమ్మట పెద్ద విమానాలకు మార్గం సుగమమైనది. 2024 డిసెంబరులో ముంబయి, ఢిల్లీలకు నేరు సర్వీసులు ప్రారంభమైనవి. సరళరేఖలో ముంబయి సుమారు 970, ఢిల్లీ సుమారు 1,360 కిలోమీటర్లు. రైలులో ఒక రోజు, ఆపైన పట్టే ఈ ప్రయాణాలకు విమానంలో పట్టేది రెండు నుండి రెండున్నర గంటలు. రెండు వైపులా రోడ్డు ప్రయాణం, నిరీక్షణ కలిపినా ఒక్క పూటలో ముగుస్తుంది.

కావున వార్తలలో, నివేదికలలో దూరం సరళరేఖలోనిదా, రోడ్డుదా, రైలు మార్గానిదా అన్నది, అలాగే కాలం విమానానిదా, ఇంటి నుండి గమ్యం వరకా అన్నది విడిగా పేర్కొనడం సముచితం. అత్యవసర వైద్యం, పరీక్షలు, ఇంటర్వ్యూల నిమిత్తం వెళ్లేవారు ఈ అంకెలనే నమ్మి బయలుదేరుతారు.