కృష్ణహంస చరిత్రము

గాత్రము తమదైనను అంగడి పరులదైనచో లాభమెవరికి? ఈ ప్రశ్నకు కార్యరూపమున సమాధానము చెప్పఁబూనిన యొక సంస్థ చరిత్రమును సంఘసోదరులకు, పోషకమహాశయులకు నివేదించుచున్నాము.

అమెరికాలో పెద్ద గ్రామఫోను కంపెనీలు నల్లజాతి గాయకులను చాలవరకు చేరనీయని దినములలో, 1921వ సంవత్సరమున హారీ పేస్ అను నల్లజాతీయుఁడు న్యూయార్కు నగరమున బ్లాక్ స్వాన్ రికార్డుల సంస్థను నెలకొల్పెను. ఆ పేరునకు కృష్ణహంస యని యర్థము. 19వ శతాబ్దపు నల్లజాతి గాయని ఎలిజబెత్ గ్రీన్‌ఫీల్డుగారి బిరుదమది. విద్వద్వరేణ్యులగు డుబాయిస్‌గారు డైరెక్టరులలో నొకరు. ఫ్లెచర్ హెండర్సన్ సంగీతనిర్వాహకుఁడు. శాస్త్రీయగానము, భక్తిగీతములు, బ్లూస్ పాటలు అన్నియు రికార్డులకెక్కెను. ఆ యేఁటనే ఎథెల్ వాటర్సు పాడిన ‘డౌన్ హోమ్ బ్లూస్’ విరివిగా నమ్ముడువోయెను.

కాని ఆ విపణి లాభకరమని తెలియఁగానే ధనికసంస్థలు పోటీకి దిగెను. ఈ సంస్థ వలదన్న బెస్సీ స్మిత్తును 1923లో కొలంబియావారు చేర్చుకొని మిక్కిలి లాభము గడించిరి. రికార్డుల ఫ్యాక్టరీ కొనుగోలు భారమయ్యెను. రేడియో వ్యాప్తిచే అమ్మకములు తగ్గెను. 1923 డిసెంబరులో సంస్థ దివాలా తీసెను. 1924లో దాని రికార్డులు పేరమౌంటు కంపెనీ వశమయ్యెను.

అయినను ఆ కృషి వ్యర్థము కాదు. హెండర్సన్, వాటర్సు తరువాత జగత్ప్రసిద్ధులైరి. ప్రతిభ యొక్కటియే చాలదు. మూలధనమును, పోషకుల నిలుకడయైన యాదరణమును తోడుండవలెనని మా విన్నపము.